ప్రతిఫలం గడి

కొత్త బందరులో ఎవరింటికైనా భోజనానికి వెళ్ళినవాళ్ళు ముందు విస్తరి వంక చూడరు. వడ్డించేవాళ్ళ మణికట్టు వంక చూస్తారు. మణికట్టుకు కడియం, కడియం మీద సన్నటి వెలుగు గీత ఉంటాయి. గీత నీలంగా ఉంటే అది గృహ సంచిక, అంటే ఇంటిమనిషి వండిపెట్టిన భోజనం. పసుపుగా ఉంటే వృత్తి సంచిక, అంటే వెల ఉన్న భోజనం. పెళ్ళిచూపుల్లో కూడా పిల్ల మొహం కంటే ముందు ఈ గీతనే చూస్తున్నారని 2098 నాటి పెద్దలు వాపోతున్నారు. వాపోతూనే వాళ్ళూ చూస్తున్నారు.

పాత బందరు సముద్రంలో కలిసిపోయి ముప్పై ఏళ్ళయింది. ఊరు ఇప్పుడు నీటి మీద తెప్పలుగా తేలుతోంది. ఒక్కో తెప్ప మీద రెండు వందల గడప. జనం తగ్గారు, పని తెలిసినవాళ్ళు మరీ తగ్గారు. ఆ కరువులోంచే కడియం పుట్టింది. సవ్యసాచి అనే సంస్థ ఆరితేరిన పనివాళ్ళ చేతుల కదలికలను నరాల స్థాయిలో నమోదు చేసి, వాటిని ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌గా కూర్చి, హస్తవిద్య అని పేరు పెట్టి కడియంలోకి ఎక్కించింది. కడియం మణికట్టు దగ్గర నరాలను పలకరిస్తుంది, వేళ్ళు నడుస్తాయి. జన్మలో సూది పట్టనివాడు కూడా కాజాలు కుట్టేస్తాడు.

అయితే కడియం కొన్నవాడికి విద్య సొంతం కాదు. వాడుకునే హక్కు మాత్రమే వస్తుంది, ఆ హక్కుకు బోలెడన్ని షరతులు. గృహ సంచికతో ఇంట్లోవాళ్ళకూ, చుట్టాలకూ, ఇరుగుపొరుగుకూ చేసిపెట్టవచ్చు గాని లాభం ఆశించకూడదు. లాభం కావాలంటే వృత్తి సంచికకు అప్‌గ్రేడ్ కావాలి. పైకి వెళ్ళేటప్పుడు చేతికి పట్టుబడిన అలవాట్లన్నీ చెక్కు చెదరకుండా వెంట వస్తాయి. కిందికి రావడం మాత్రం కుదరదు. వృత్తి నుంచి గృహానికి రావాలంటే చేతిని పూర్తిగా తుడిచేసి, పసిపిల్లలా ముద్ద కలపడం నుంచి మొదలుపెట్టాలి.

లాభం ఆశిస్తున్నారని కడియానికి ఎలా తెలుస్తుంది? దానికే ఆశామాపకం ఉంది. మనిషి ఏ పని మొదలుపెట్టినా, ఆ పనివల్ల తనకు తిరిగి రాబోయేదాన్ని మెదడు ముందే బొమ్మ కట్టుకుంటుంది. ఆ బొమ్మ ఎంత చిక్కగా ఉందో ఆశామాపకం నూటికి లెక్కగడుతుంది. హద్దు దాటితే వేళ్ళు ఉన్నచోట ఆగిపోతాయి. అయిదుసార్లు ఆగితే ఒక నోటీసు. మూడో నోటీసుకు లైసెన్సు శాశ్వతంగా రద్దు.

ఆ మూడో నోటీసులు ఇచ్చే పని గుడిపూడి అద్వయ్‌ది. అతను సవ్యసాచిలో లైసెన్సు తనిఖీ అధికారి. వయసు యాభై మూడు, అందులో ఇరవై రెండేళ్ళు ఈ ఉద్యోగంలోనే గడిచాయి. అతనికి అనుమానం ఉద్యోగంతో వచ్చిందో, అనుమానం వల్లే ఉద్యోగం వచ్చిందో చెప్పడం కష్టం. ఎవరైనా టీ ఇస్తే కప్పును ఓసారి వాసన చూస్తాడు. ఎవరింటికి వెళ్ళినా తన చెప్పులు కనిపించేలా కూర్చుంటాడు. రెండు వందల పన్నెండు పేజీల లైసెన్సు ఒప్పందాన్ని ఊళ్ళో అందరూ చదవకుండానే అంగీకరిస్తున్నాను అని నొక్కేస్తే, అతనొక్కడే ముందు నుంచి చివరిదాకా చదివాడు. అతను ఇంట్లో అడుగు పెడితే జనం ఎప్పుడు కదులుతాడా అని గడియారం చూస్తారు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసినా పట్టనట్టు ఉంటాడు.

ఆ మంగళవారం పొద్దున అతని పలక మీదికి వచ్చిన కేసు ఏడో తెప్పలోని హన్విక బామ్మది. ఆ రోజుల్లో బామ్మలందరూ హన్వికలూ, జోషితలూ, లాస్యలే లెండి. ఆమెకు డెబ్బై ఒకటి. ఎనిమిదేళ్ళ క్రితం పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. ఆసుపత్రివాళ్ళు గృహ సంచిక కడియం తొడిగారు. అప్పటి నుంచి ఆ చెయ్యి అన్నం కలుపుతోంది, జడ వేసుకుంటోంది, అన్నిటికంటే ముఖ్యంగా తొక్కుడు లడ్డు చుడుతోంది. ఇప్పుడు లడ్డు దగ్గరే చిక్కు వచ్చింది. రెండు నోటీసులు అయిపోయాయి, మూడోదానికి లెక్క నిండింది. సాయంత్రం ఆరింటిలోగా అద్వయ్ నివేదిక పెట్టాలి. రద్దు అని రాస్తే ఆ చెయ్యి తిరిగి ఒళ్ళో పడిపోతుంది.

అతనికి జాలి కలగలేదు. దొంగచాటుగా లడ్లు అమ్ముతోందని ఫైలు చూడగానే తీర్మానించుకున్నాడు.

అతను వెళ్ళేసరికి హన్విక బామ్మ రోటి ముందు పీట వేసుకుని కూర్చుంది. శనగపిండితో వండిన సన్నటి జంతికలను దంచి, జల్లించి, బెల్లం పాకం, నెయ్యి పోసి మళ్ళీ తొక్కుతోంది. యాలకుల వాసన ఇళ్ళ మధ్యనున్న వంతెన దాకా వస్తోంది. అతను తన గుర్తింపు చీటీ చూపించి, లడ్లు ఎవరికి అమ్ముతున్నారని నేరుగా అడిగాడు.

"మా వంశంలో లడ్డు అమ్ముకున్నవాళ్ళు లేరు బాబూ," అంది ఆమె, తలెత్తకుండా. "కూర్చోండి."

చెప్పులు కనిపించేలా కూర్చున్నాడు. అంతలో ఎదురింటావిడ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఆమెకు అరవై అయిదు దాకా ఉంటాయి. ఒక స్టీలు గిన్నె తెచ్చి హన్విక బామ్మ గుమ్మంలో పెట్టి, ఇటు చూడకుండా, ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయింది. గిన్నె నిండా చల్లమిరపకాయలు. అద్వయ్ లేచి గిన్నె మూత తీసి చూశాడు. గుట్టు దొరికిందనుకున్నాడు.

ఇది వస్తుమార్పిడి అన్నాడు. లడ్లు వెళ్తున్నాయి, మిరపకాయలు వస్తున్నాయి, ఇంతకంటే రుజువేం కావాలి? హన్విక బామ్మ అతని వంక జాలిగా చూసింది. ఆవిడ జోషిత, తన తోడికోడలు. లడ్లు పంపిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం మర్యాద కాదు కాబట్టి ఆవిడ మిరపకాయలు పోసి పంపింది. ఆ గిన్నెను ఖాళీగా పంపడం మర్యాద కాదు కాబట్టి తను మళ్ళీ లడ్లు పెట్టి పంపుతుంది. ఆరేళ్ళ నుంచి ఇలాగే నడుస్తోందని చెప్పింది.

"మరి మాట్లాడుకోరేం?"

"అది మీ లైసెన్సులో ఉందా బాబూ?"

అతను ఆ సంగతి వదిలేసి, తన ఎదుట లడ్లు చుట్టమన్నాడు. మొదటి లడ్డు వంతెన మీద ఆడుకునే పిల్లలకని చుట్టింది, చెయ్యి ఆగలేదు. రెండోది అతనికని చుట్టింది. ఇప్పుడు ఆగితీరుతుందని అతను ముందుకు వంగాడు. చెయ్యి ఉంచాలో తీసెయ్యాలో తేల్చేవాడికి లడ్డు పెడితే అది లంచం కాక మరేమిటి? కాని వేళ్ళు నున్నగా తిరిగాయి, లడ్డు పూర్తయింది. ఈమెకు తన నుంచి ఏమీ అక్కర్లేదన్నమాట. ఎందుకో అతనికి కొంచెం చిన్నతనంగా అనిపించింది. లడ్డు తినలేదు. సాక్ష్యం కవరులో వేసి జేబులో పెట్టుకున్నాడు.

మూడోది ఎదురింటికని మొదలుపెట్టింది. సగం చుట్టగానే వేళ్ళు బిగుసుకుపోయాయి. నీలం గీత మూడుసార్లు మిణుకుమంది. హన్విక బామ్మ ఎడమచేత్తో వేళ్ళు విప్పుకుంటూ, పాకం ముదిరిందేమోలే అని గొణిగింది.

అద్వయ్ తన పలకను ఆమె కడియానికి కలిపి కారణం అడిగాడు.

"ఆశ డెబ్బై ఒకటి," అంది కడియం, ఆడగొంతూ మగగొంతూ కాని గొంతుతో. "హద్దు అరవై రెండు. ఆశించిన ప్రతిఫలం ధనం కాదు. వస్తువు కాదు. స్వరూపం గుర్తించలేదు."

చల్లమిరపకాయలు కూడా కావన్నమాట. ధనమూ వస్తువూ కాని లాభం ఏముంటుంది? ఇరవై రెండేళ్ళలో అతను కారణాల వివరం ఎప్పుడూ అడిగి ఉండలేదు, ఆగిన లెక్క చూసి సంతకం పెట్టేసేవాడు. ఇప్పుడు అతని అనుమానం బామ్మను వదిలి సొంత సంస్థ మీదికి మళ్ళింది. ఈ ఏడాది గృహ సంచికల ఉల్లంఘనలు రెట్టింపయ్యాయి. భయపడ్డవాళ్ళంతా వృత్తి సంచికకు మారిపోతున్నారు. ఎవరో హద్దును రహస్యంగా కిందికి లాగారు. లేకపోతే లడ్డు చుట్టే ముసలమ్మ చెయ్యి ఎందుకు ఆగుతుంది?

మధ్యాహ్నానికి పెద్ద తెప్ప మీది సవ్యసాచి భవనంలో, ఆశామాపకాన్ని రూపొందించిన శాస్త్రవేత్త ప్రణవి గదిలో ఉన్నాడు. ఆమె అన్నం డబ్బా తెరిచి తింటోంది. హద్దు ఎప్పుడు తగ్గించారని నిలదీశాడు.

ప్రణవి ముద్ద మింగి, గోడ మీద పట్టిక వెలిగించింది. "తగ్గించలేదండీ. మూడుసార్లు పెంచాం. మొదట్లో హద్దు అయిదు."

"అయిదా?"

"లాభం ఆశించకపోవడం అంటే అంతేగా అనుకున్నాం. నలభై ఇళ్ళలో పరీక్ష పెట్టాం. మర్యాదస్తుల ఇళ్ళే, వెతికి ఎంచుకున్నాం. మొదటిరోజు ఒక్క ఇంట్లోనూ మధ్యాహ్నం వంట పూర్తి కాలేదు."

అద్వయ్‌కు నమ్మకం కుదరలేదు. పరీక్షలో తప్పు ఉండవచ్చన్నాడు. ఆమె కూడా అలాగే అనుకుని రెండేళ్ళు వెతికిందట. భర్తకు కాఫీ కలుపుతూ చెయ్యి ఆగిన భార్యలు, అత్తగారి కాళ్ళకు తైలం రాస్తూ ఆగిన అల్లుళ్ళు, దేవుడికి దండ గుచ్చుతూ ఆగిన పూజారులు, అందరి లెక్కలూ సరిగ్గానే ఉన్నాయి. ఇరవైకి పెంచారు, నలభైకి పెంచారు, చివరికి అరవై రెండు దగ్గర ఊళ్ళో పొయ్యిలు వెలిగాయి.

"పసిపిల్లకు పాలు పట్టే తల్లి సంగతో?" అన్నాడు అద్వయ్.

"ఆ పట్టిక మేం బయటపెట్టలేదండీ," అంది ప్రణవి, డబ్బా మూత పెడుతూ.

ఈ ఏడాది ఉల్లంఘనలు ఎందుకు పెరిగాయని అతను అడిగాడు. తెప్పల మీద జనం ఒంటరివాళ్ళయిపోతున్నారేమో, ఒకరి నుంచి ఒకరికి కావలసింది ఎక్కువవుతోందేమో అంది. అతను లేవబోతుంటే ఒక మాట అడిగింది. "ఒప్పందం అంతా చదివానంటారుగా. పద్నాలుగో నిబంధన గుర్తుందా?"

అతను కళ్ళు మూసుకుని అప్పజెప్పాడు. వృత్తి సంచికలో ఆశామాపకం తొలగించబడదు. ప్రకటించిన ప్రతిఫలమూ ఆశించిన ప్రతిఫలమూ ఒకటేనా అని మాత్రమే చూస్తుంది. ఒకటే అయితే చెయ్యి ఆగదు. అలా చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. ప్రకటించవలసింది ధనమే అయి ఉండాలని ఆ నిబంధనలో ఎక్కడా లేదు. ఇన్నేళ్ళూ ధనమే అని తనే అనుకున్నాడు.

నాలుగింటికి మళ్ళీ ఏడో తెప్పకు వచ్చాడు. హన్విక బామ్మ అతన్ని చూసి తలుపు ఓరగా వేయబోయి, మర్యాద కాదని మానుకుంది. అతను అప్‌గ్రేడ్ ఫారం ఆమె ముందు పెట్టాడు. ఆరింటిలోగా వృత్తి సంచికకు మారితే రద్దు ఉండదు. చేతికి వచ్చినవన్నీ అలాగే ఉంటాయి, కాకపోతే మళ్ళీ గృహానికి రావడం ఉండదు. పసుపు గీతతో బతకాలి.

"అంటే అమ్ముకుంటున్నానని నా చేత్తో రాసివ్వాలా? చెయ్యి పోతే పోనీ బాబూ," అంది ఆమె. కాని కుడిచేతిని ఒళ్ళోకి లాక్కుంది. ఆ చేత్తో తను ఏమేం చేసుకుంటోందో ఆమెకు తెలుసు. మళ్ళీ ఎవరో అన్నం కలిపి నోట్లో పెట్టే రోజులు తలచుకుంటే ఆమెకు నిజంగానే భయం వేసింది.

అతను ఫారంలోని గడిని వేలితో చూపించాడు. అక్కడ ధర అని లేదు, ప్రతిఫలం అని ఉంది. "మీకు ఏం కావాలో అదే రాయండమ్మా. డబ్బే రాయక్కర్లేదు. మీరు ఎదురింటికి లడ్డు చుట్టినప్పుడల్లా ఏదో అనుకుంటున్నారు. అదేమిటి?"

హన్విక బామ్మ రోటి అంచున అంటిన పాకం తుడిచింది. తరువాత మెల్లగా చెప్పింది. ఆరేళ్ళ క్రితం జోషిత కూతురి పెళ్ళి. పడిపోయిన చెయ్యి లేచాక తను ఒక పెళ్ళికని చుట్టిన మొదటి లడ్లు అవే. రెండు వందలు చుట్టి తీసుకెళ్ళింది. జోషిత మొదటి బంతిలో వియ్యాలవారికి దుకాణం లడ్లు వడ్డించి, ఈమె లడ్లను మూడో బంతికి, మిగిలినవాళ్ళ మధ్యకు తోసేసింది. అప్పటి నుంచి మాటల్లేవు. గిన్నెలు మాత్రం ఆగలేదు, ముందు ఆపినవాళ్ళది తప్పు అవుతుంది కాబట్టి.

"మొదట్లో ఇంత ఉండేది కాదు. ఈ మధ్య ప్రతి లడ్డుకీ అనుకుంటున్నాను, ఇది తిన్నాకైనా వచ్చి మాట్లాడుతుందని," అంది.

అదే రాయమన్నాడు అద్వయ్. ఆమె కలం తీసుకుని ప్రతిఫలం గడిలో రాసింది, జోషిత వచ్చి నాతో మాట్లాడాలి అని. వేళ్ళు ఎక్కడా ఆగలేదు.

ఇక తనిఖీ అధికారి ఆమోదం సంతకం మిగిలింది. అద్వయ్ కలం అందుకున్నాడు. అతని చేతికున్న కడియానిది తనిఖీ సంచిక, అన్నిటికంటే పైది. లంచాలు నడవకుండా దానిలోనూ ఆశామాపకం ఉంది, పద్నాలుగో నిబంధన ప్రకారమే పనిచేస్తుంది. నాలుగు వేల రద్దులకు సంతకం పెట్టిన చెయ్యి అది, ఏనాడూ తడబడలేదు. ఇప్పుడు పేరులో మొదటి అక్షరం దగ్గరే బిగుసుకుపోయింది.

సిగ్నల్ అందడం లేదన్నాడు. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ ఆగింది.

"ప్రకటించని ప్రతిఫలం," అంది అతని కడియం, ఇద్దరికీ వినపడేలా. "ఆశ అరవై ఆరు. ధనం కాదు. వస్తువు కాదు."

అతని మొహం ఎర్రబడింది. రద్దు చేసేటప్పుడు ఒక్కరి నుంచీ ఏమీ కోరలేదు కాబట్టి చెయ్యి సాఫీగా నడిచింది. ఒక్క మేలు చేయబోతే ఆగింది. తనలాంటివాడు కూడా లోపల ఏదో కోరిక దాచుకున్నాడని కడియం పట్టేసింది. గడియారం అయిదున్నర చూపిస్తోంది.

"మీకేం కావాలి బాబూ?" అంది హన్విక బామ్మ.

అతను నేల చూపులు చూశాడు. "ఇరవై రెండేళ్ళుగా ఇల్లిల్లూ తిరుగుతున్నానమ్మా. వెళ్ళేటప్పుడు మళ్ళీ రమ్మని ఇంతవరకూ ఎవరూ అనలేదు. మీరు... అంటారేమోనని."

చెప్పడం పూర్తికాకముందే వేళ్ళు కదిలాయి. సంతకం పడింది. హన్విక బామ్మ మణికట్టు మీద గీత నీలం పోయి, కొంతసేపు తెల్లగా ఉండి, పసుపుగా స్థిరపడింది.

ఆమె వెంటనే పీట మీద కూర్చుని ఎదురింటికని అయిదు లడ్లు చుట్టింది. చెయ్యి ఒక్కసారీ ఆగలేదు. వృత్తి సంచిక నియమం ప్రకారం సరుకుతో పాటు ప్రతిఫలం రాసిన చీటీ వెళ్ళాలి. చీటీ పెట్టిన గిన్నెను అద్వయ్ స్వయంగా తీసుకెళ్ళి ఎదురింట్లో ఇచ్చి వచ్చాడు. జోషిత చీటీ చదవడం, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదవడం ఇద్దరూ ఇటు నుంచి చూశారు. తలుపు మూసుకుంది. హన్విక బామ్మ చెయ్యి రోలు అంచును గట్టిగా పట్టుకుంది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. జోషిత గిన్నె పట్టుకుని వంతెన దాటి, గుమ్మం దాటి, లోపలికి వచ్చి నిలబడింది. గిన్నె ఖాళీగా ఉంది.

"ఆరేళ్ళ నుంచీ నీకు కావలసింది ఇదా అక్కా? ఒక్కమాట అడిగితే పోయేదిగా," అంది.

"అడిగి తెచ్చుకుంటే అది నువ్వు ఇచ్చినట్టు ఎలా అవుతుందే?"

జోషిత పీట లాక్కుని కూర్చుంది. "ఆ లడ్లు బాగుండబట్టే మూడో బంతికి దాచానక్కా. అది మనవాళ్ళు కూర్చునే బంతి. పైవాళ్ళకి దుకాణంవి చాల్లే అనుకున్నాను." తరువాత తల వంచుకుని ఇంకో మాట చెప్పింది. "నీ గిన్నెలో ఏం పోయబోయినా నా చెయ్యీ ఆగిపోయేది. కడియం పాడైందని మూడు మార్చాను. చివరికి కడియం తీసేసి పోయడం మొదలుపెట్టాను."

అద్వయ్ అలవాటుకొద్దీ పలక మీద చెయ్యి వేసి, తీసేశాడు. జేబులోని సాక్ష్యం కవరు తెరిచి లడ్డు నోట్లో పెట్టుకున్నాడు. వాసన చూడలేదు. ఆ ఇద్దరూ అతను ఉన్న సంగతే మరిచిపోయి, ఆరేళ్ళ మాటలు ఒకేసారి మాట్లాడుకుంటున్నారు. అతను చెప్పులు వేసుకుని గుమ్మం దాటాడు.

"బాబూ," అని వెనక నుంచి పిలిచింది హన్విక బామ్మ. "ఆదివారం భోజనానికి రా నాయనా. తప్పకుండా రావాలి."

అతని గుండె ఒక్కసారి తేలికైంది. తిరిగి చూశాడు. ఆమె నవ్వుతోంది. ఆ నవ్వులో అబద్ధం ఏమీ కనిపించలేదు. అయినా అతని కళ్ళు ఆమె మొహం మీద నిలవలేదు, కిందికి దిగి మణికట్టు దగ్గర ఆగాయి. పొద్దున ఈ చెయ్యే తనకు లడ్డు చుట్టినప్పుడు గీత నీలంగా ఉంది, అప్పుడు తను తినలేదు. ఇప్పుడు అది పసుపుగా వెలుగుతోంది. సంతకం పెట్టి మార్చింది తనే.

వస్తానని చెప్పి వంతెన దిగాడు.